పక్షి వీక్షణ విభాగం వార్షిక నివేదిక (2024 జూలై – 2025 జూన్)

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం మెల్‌బోర్న్‌లోనూ చుట్టుపక్కలా ఎనిమిది విహారాలు జరిపింది. అందులో ఒకటి వాన వల్ల కారు పార్కింగు దాటలేదు. ఫ్లాస్కుల్లోని టీ తాగి, దీపస్తంభం మీద తడుస్తూ కూర్చున్న రెండు మ్యాగ్‌పై పిట్టలను చూసి ఇళ్లకు తిరిగొచ్చాం. పెట్రోలు ఖర్చయింది కాబట్టి దాన్నీ లెక్కలో చేర్చాలని కోశాధికారి గారు పట్టుబట్టారు. జమాఖర్చుల పట్టిక ఆయన విడిగా పంపుతున్నారు. నేను పిట్టల సంగతులు, వాటి మూలంగా మన మధ్య నడిచిన ఒక తగాదా సంగతి రాస్తాను. ముందు తగాదాయే. ఏడాదిలో సగం పనులు దాని చుట్టూనే తిరిగాయి.

ప్రదర్శన, పంచాయితీ

దీపావళి సంబరాల్లో పెట్టిన ఫొటో ప్రదర్శనలో ఎక్కువ ఓట్లు హెల్మెటెడ్ హనీఈటర్ అనే పిట్ట ఫొటోకు వచ్చాయి. చెవుల దాకా నల్లటి ముసుగు, నుదుటి మీద నిక్కబొడుచుకున్న పసుపు కుచ్చు, వెనక మసకపచ్చ తప్ప మరేమీ లేదు. అది విక్టోరియా రాష్ట్ర పక్షి. ఈ రాష్ట్రంలో తప్ప అడవుల్లో మరెక్కడా కనిపించదు. అందరూ మెచ్చుకుంటూ ఉండగా ఎవరో "ఎక్కడ దొరికింది?" అని అడిగారు. "హీల్స్‌విల్‌లో" అన్నారు తీసినవారు. ఆ ఊరి పక్క అడవి అనుకున్నాం. తర్వాత తెలిసింది, హీల్స్‌విల్ శాంక్చురీ అనే జూలో, వల వెనక పక్షిశాలలో.

ఇక మొదలైంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బురదలో పొట్ట మీద పాకి, ఇంటికొచ్చి చూసుకుంటే కార్డు నిండా తోకలే మిగిలేవారు ఒకవైపు. టికెట్టు కొనుక్కుని తీసిన పిట్టను తమ పిట్ట పక్కన ఎలా పెడతారన్నది వారి మాట. చంటిపిల్లలున్నవారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవారు, మోకాళ్లు సహకరించనివారు మరోవైపు. జూలో ఉన్నంత మాత్రాన పిట్ట పిట్ట కాకుండా పోతుందా అన్నది వీరి ప్రశ్న. ఒక కార్యవర్గ సమావేశమైతే బడ్జెట్ అంశం దాకా వెళ్లనేలేదు.

నేను మొదట్లో అడవి పక్షమే, దాచడమెందుకు. తీర్మానం రాయడానికి కూర్చుని ఆ పిట్ట చరిత్ర చదివాక నా పట్టు సడలింది. 1990 ప్రాంతానికి అడవిలో మిగిలినవి దాదాపు 50. హీల్స్‌విల్‌లో 1989లో మొదలుపెట్టి, గుడ్లు పెట్టించి, పిల్లలను సాకి, యెల్లింగ్‌బో చిత్తడి అడవిలో వదులుతూ వచ్చారు. ఆ వలే లేకపోతే బురదలో పాకేవారికి ఈరోజు ఆ పిట్ట తోక కూడా దక్కేది కాదేమో.

డిసెంబరులో ఇలా తీర్మానించాం: ప్రదర్శన ఒకటే, ఓటింగూ ఒకటే. కాని ప్రతి ఫొటో కింద చోటు, తేదీ, "స్వేచ్ఛగా" లేదా "సంరక్షణలో" అన్న మాట ఉండాలి. లేని ఫొటో గోడకెక్కదు.

ఆ తీర్మానానికి మూడు నెలలు నిండకుండానే యెల్లింగ్‌బోలో చిక్కు వచ్చింది. మార్చి విహారంలో, అనుమతి ఉన్న బాట దాటకుండా గంటన్నర నిలబడితే ఒక్క హనీఈటర్ కనిపించింది. తలకిందులుగా వేలాడుతూ యూకలిప్టస్ బెరడు పేలికలను ముక్కుతో లాగుతోంది. ఫొటోను కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తే కాళ్లకు రంగురంగుల కడియాలు! ఏ పిట్ట ఏదో పోల్చుకోవడానికి వేసేవి. జూలో పుట్టి వదిలిన పిట్టకూ వేస్తారు, అడవిలో పుట్టిన పిట్టకూ వేస్తారు. మరి లేబుల్ మీద ఏం రాయాలి? తిరుగు ప్రయాణంలో రెండు కార్లలోనూ ఇదే చర్చ. చివరకు "స్వేచ్ఛగా, కడియాలతో" అని రాశాం. ఉగాది ప్రదర్శనలో అదే మాటతో తగిలించాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, లేదా అలసిపోయారు.

వల కనిపించకుండా

ఆగస్టులో మెల్‌బోర్న్ జూలో జరిపిన శిక్షణకు వచ్చినవారు తక్కువ, తర్వాత ఫోన్ చేసి అడిగినవారు ఎక్కువ. అందుకని అసలు కిటుకు ఇక్కడే రాస్తున్నాను. వలకు లెన్సును ఆనించినంత దగ్గరగా పెట్టండి. ఎపర్చరును (లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రాన్ని) వీలైనంత తెరవండి. పిట్ట వల నుంచి కనీసం రెండు మూడు మీటర్లు వెనక్కి వెళ్లేదాకా ఆగండి. అప్పుడు తీగలు మసకలో కరిగిపోతాయి. ఎండ పడి మెరిసే వల మాత్రం కరగదు. నీడలో ఉన్న వైపు చూసుకోండి, లేదా తోటి సభ్యుణ్ణి టోపీ అడ్డం పెట్టమనండి. ఫ్లాష్ వద్దు. అక్కడి పెద్ద పక్షిశాలలో మనమే లోపలికి నడిచి వెళతాం కనుక వల బెడదే ఉండదు. అయితే పిట్ట మరీ దగ్గరగా వాలి, పెద్ద లెన్సులవారికి ఫోకస్ అందక, ఫోనుతో తీసిన పిల్లలు గెలిచారు.

గోరింకతో బంధుత్వం

అక్టోబరులో బర్డ్‌లైఫ్ ఆస్ట్రేలియా అనే పక్షి సంరక్షణ సంస్థ దేశమంతటా జరిపే పక్షి గణనలో ఈసారీ పాల్గొన్నాం. ఎక్కడో ఒకచోట ఇరవై నిమిషాలు నిలబడి, కనిపించిన పిట్టలను ఫోనులో నమోదు చేయడమే పని. దేశం మొత్తం మీద ఏటా ఎక్కువ సంఖ్యలో నమోదయ్యేది రెయిన్‌బో లోరికీట్ అనే రంగుల చిలుక. మన పెరళ్లలోనూ దాని గోలే. దానితోపాటు గోరింకల వరుస కూడా పొడవైపోయేసరికి కొందరు సభ్యులు మురిసిపోయారు. మురిసిపోవలసిన సంగతి కాదు. కూరగాయల తోటల్లో పురుగులు తింటుందని 1862లో మెల్‌బోర్న్‌కు తెచ్చిన పిట్ట అది. (మెల్‌బోర్న్ జూ తెరిచిందీ ఆ ఏడే.) పురుగుల సంగతి ఎలా ఉన్నా, చెట్టు తొర్రలను ఆక్రమించడంలో ఆరితేరింది.

జెల్స్ పార్కులో ఒక ముసలి యూకలిప్టస్ దగ్గర అది కళ్లారా చూశాం. తొర్ర అంచున రోజెల్లా చిలుకల జంట కూర్చుని ఉంది. ఎర్ర తల, తెల్ల బుగ్గలు. ఒక గోరింక గడ్డిపోచ నోట కరుచుకుని సొంత ఇల్లన్నట్టు లోపలికి దూరింది. రెండోది కొమ్మ మీద కాపలా. ఆడ చిలుక తొంగిచూసింది, కాపలా గోరింక ఒక్క ఉరుకు ఉరికింది, చిలుకలు పక్క చెట్టుకు తగ్గాయి. పదిహేను నిమిషాల్లో ఇలా నాలుగుసార్లు. మన పెళ్లిళ్లలో కొత్త జంటను చిలకాగోరింకలని మురిసే పెద్దావిడ ఒకరు మాతో ఉన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "మనవాళ్లేనా ఇవి?" అని అడిగారు.

ఒక జాగ్రత్త: ఇంగ్లిషు పేర్ల పోలిక వల్ల నాయిజీ మైనర్‌ను కూడా కొందరు గోరింకగా రాశారు. అది బూడిదరంగుది, ఇక్కడి దేశవాళీ పిట్ట. రెండూ కలిపేయవద్దు.

వెరిబీ

జనవరి విహారం వెరిబీ దగ్గరి మురుగునీటి శుద్ధి కేంద్రానికి. "ఇంత దూరం విమానంలో వచ్చింది మురుగు చూడటానికా?" అని గుంటూరు నుంచి వచ్చిన ఒక సభ్యురాలి నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1897 నుంచి నగరపు మురుగునీరు అక్కడికి చేరుతోంది. దాదాపు 10,500 హెక్టార్ల ఆ స్థలంలో సుమారు 300 జాతుల పక్షులు నమోదయ్యాయి. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో అదీ ఉంది. ముందుగా అనుమతి తీసుకుంటేనే లోపలికి పంపుతారు.

పోటు వేళ చూసుకుని వెళ్లడం వల్ల బతికిపోయాం. సముద్రపు బురదమేట మునిగేకొద్దీ ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా లోపలి మడుగులకు వచ్చి వాలాయి. స్కోప్‌లో (స్టాండు మీది దూరదర్శినిలో) ఆ నాన్నగారికి రెడ్‌నెక్డ్ స్టింట్ అనే ఉల్లంకిని చూపించాం. బరువు 30 గ్రాములు, కోడిగుడ్డులో సగం. సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టి, చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రం తీరంలో మేత మేసి, వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి వస్తుంది. బురదలో కుట్టుమిషను సూదిలా ముక్కు ఆడిస్తూనే ఉంది, తల ఎత్తలేదు. పక్కనే వంకర ముక్కు కర్లూ శాండ్‌పైపర్లు. ఈ జాతి పిట్టలు మరో దారిన మన పులికాట్‌కూ చలికాలంలో వస్తాయని చెబితే, "అయితే ఇవి మాకు తెలిసినవాళ్లే" అని ఆయన స్కోప్ దగ్గర నుంచి లేవలేదు. మిగతావారికి వంతు రావడానికి ముప్పావుగంట పట్టింది.

మరికొన్ని

ఏప్రిల్‌లో ఫిలిప్ ద్వీపం పెంగ్విన్ల కవాతుకు వెళ్లాం. అక్కడ ఫొటోలు, వీడియోలు పూర్తిగా నిషేధం. కిలోకు కాస్త అటూ ఇటూ బరువుండే ఆ పిట్టలు చీకటి పడ్డాక అల లోంచి బయటికొచ్చి, భయపడి, మళ్లీ నీళ్లలోకి పరుగెత్తి, మళ్లీ వచ్చాయి. ఫొటో లేదు కాబట్టి ఇంతకంటే రుజువు చూపలేను.

వేసవి వనభోజనంలో ఒక కూకబర్రా వెనక నుంచి వచ్చి ఒకరి చేతిలోని కోడి వేపుడు ముక్కను ఎత్తుకుపోయింది. కొమ్మ మీద కూర్చుని, పామును చంపినట్టే ఆ ముక్కను నాలుగుసార్లు కొమ్మకేసి బాది మరీ మింగింది. అది మన లకుముకిపిట్ట కుటుంబంలోకెల్లా పెద్దది. నవ్వుతూ ఇంకో ముక్క విసిరినవారికి ఒక మనవి: పిట్టలకు తిండి పెట్టవద్దు, ఉప్పూకారాల వేపుడు అసలే వద్దు.

జూన్‌లో షేర్‌బ్రుక్ అడవి. గడ్డకట్టే చలి. కూకబర్రా నవ్వు, విప్‌బర్డ్ కొరడా దెబ్బ, రోజెల్లా పిలుపు ఒకదాని వెంట ఒకటి వినిపిస్తుంటే అందరం తలలెత్తి చెట్ల మీద వెతికాం. అవన్నీ నేల మీద, ఫెర్న్ మొక్కల చాటున, ఇతర పిట్టల గొంతులను అనుకరించే ఒకే ఒక్క మగ లైర్‌బర్డ్ గొంతులోంచి వస్తున్నాయి. సిడ్నీ టరోంగా జూలోని లైర్‌బర్డ్ 2021లో పసిపిల్ల ఏడుపును అచ్చుగుద్దినట్టు అనుకరించింది. కాబట్టి ఈ ఒక్క పక్షికి మన లేబుల్ అక్కర్లేదు, ఎవరి మధ్య పెరిగిందో పాటే చెబుతుంది. ఆ రోజు మనలో ఒకరు ఫోనులో దాని పాట రికార్డు మోగించారు. పిట్ట పాట ఆపి, తోక ముడిచి వెళ్లిపోయింది. ఇకపై మన విహారాల్లో రికార్డులు మోగించడం నిషిద్ధం.

రాబోయే నెలలకు

సెప్టెంబరు వస్తోంది. గూళ్ల దగ్గర మ్యాగ్‌పై మగపక్షుల్లో కొన్ని తలల మీదికి దూకుతాయి. అవి మొహాలు గుర్తుపెట్టుకుంటాయి, గొడవ పెట్టుకోకండి. దారి మార్చుకోండి. సైకిలు మీద వెళ్లేవారు దిగి నడవండి.

విభాగం బైనాక్యులర్లలో ఒకటి వెరిబీ విహారం తర్వాత తిరిగి రాలేదు. మెడపట్టీకి పసుపు దారం కట్టి ఉంటుంది. దయచేసి మీ కారు డిక్కీలో ఒకసారి చూడండి.

– కార్యదర్శి, పక్షి వీక్షణ విభాగం