తేనె వేస్తే బీరు తియ్యగా అవదు, మత్తు పెరుగుతుంది

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఇంట్లో బీరు తయారీ గురించి ఒక చిన్న ఐటమ్ వచ్చింది. విదేశాల్లో చాలామంది అందులో తేనె కలుపుతున్నారని, దాంతో బీరు తియ్యగా ఉంటుందని, ఒంటికి కూడా మంచిదని రాశారు. నేను అంబాజీపేట దగ్గర కొబ్బరి తోటల్లో పెట్టెలు పెట్టుకుని పదకొండేళ్ళుగా తేనె తీస్తున్నాను. ఆ ఐటమ్ వచ్చిన మూడో రోజు ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద వచ్చి అయిదు కిలోల తేనె కావాలన్నారు. ఎందుకు బాబూ అంటే ఫోన్‌లో మీ పేపర్ చూపించారు. బేకరీ షాపులో బ్రెడ్ ఈస్ట్ కొన్నారట, మూత గట్టిగా బిగించిన వాటర్ టిన్‌లో పులియబెడతారట! నేను తేనె ఇవ్వలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా టెన్షన్ తగ్గక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేనె కలుపుతారన్నది నిజమే. తియ్యగా ఉంటుందన్నది తప్పు. ఎందుకో మన గోదావరి జిల్లాల వాళ్ళకి పెద్దగా చెప్పక్కర్లేదు. తెల్లారగట్ల తాటిచెట్టు మీంచి దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి నురగ కట్టి పుల్లబడుతుంది, మధ్యాహ్నానికి తలకెక్కుతుంది. ఆ తీపంతా ఈస్ట్ తినేసి మత్తుగా మార్చేసింది. చెట్టుకి కట్టే కుండకి లోపల సున్నం రాస్తే పులవడం ఆగి నీరా తియ్యగానే ఉంటుందని కూడా మనకి తెలుసు. తేనె సంగతీ అంతే. అందులో దాదాపు 80 శాతం చక్కెరలే, అవీ ఎక్కువగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్, అంటే ఈస్ట్‌కి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే. బీరుకి వాడే బార్లీ మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలో, ఈస్ట్ తినలేనివి కొన్ని మిగిలిపోతాయి కాబట్టే బీరుకి ఆ కాస్త చిక్కదనం ఉంటుంది, తేనెలో అలా మిగిలేది చాలా తక్కువ. మాల్ట్ తగ్గించి తేనె పెంచేకొద్దీ బీరు పలచబడుతుంది, ఉన్న మాల్ట్‌కి తోడు 20 లీటర్లకి అరకిలో తేనె వేస్తే ఆల్కహాల్ సుమారు ఒక శాతం పెరుగుతుంది. దాన్ని ఒంటికి మంచిదని ఎలా రాశారండీ? తేనె ఉంది కదా అని ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ తాగేవాడికి ఎవరు సమాధానం చెబుతారు?

నేను ఎవరో చెబితే విని రాయడం లేదు. పోయినేడాది మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. అక్కడ 1978లో, కార్టర్ ప్రెసిడెంట్‌గా ఉండగా, ఇంటివరకు బీరు చేసుకోవచ్చని దేశం మొత్తానికీ చట్టం మార్చారు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, అమ్మకానికి మాత్రం వీల్లేదు. మావాడు శనివారాలు గ్యారేజ్‌లో ఆ పని పెట్టుకుంటాడు. నేను పట్టుకెళ్ళిన కానుగ పూల తేనె చూపించి, రెండు బకెట్లు వేరు వేరుగా చెయ్యరా అన్నాను. మొదటి దాంట్లో తేనెని మాల్ట్ నీళ్ళతో, బీరుకి చేదు ఇచ్చే హాప్స్ పూలతో కలిపి గంటసేపు మరిగించాడు. రెండో దాంట్లో మాల్ట్ నీళ్ళు చల్లారబెట్టి ఈస్ట్ వేసి, మూడో రోజు పొంగు తగ్గాక తేనె పోశాడు. నెల దాటాక రెండు గ్లాసుల్లో పోసి నా ముందు పెట్టాడు. మొదటి గ్లాసులో తేనె ఉందని ఒట్టేసి చెప్పినా నమ్మరు. రెండోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే మా తోటలో పెట్టె మూత తీసినప్పుడు వచ్చే వాసన, అచ్చం అదే. నాలిక మీద తీపి మాత్రం రెంటిలోనూ లేదు. చారు దించాక కదా కొత్తిమీర వేస్తాం, గంటసేపు మరిగిస్తే వాసన ఆవిరితో పోక ఏమవుతుంది.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. ఈస్ట్ తీపిని తింటూ గ్యాస్ కూడా వదులుతుంది. అంతకు ముందు ఒకసారి మావాడు సీసాల్లో నింపేటప్పుడు గ్యాస్ పట్టడానికని తేనె తూకం వెయ్యకుండా చెంచాతో ఉజ్జాయింపుగా వేశాడట, పది రోజుల తర్వాత అర్ధరాత్రి రెండు సీసాలు పేలాయి. గాజు పెంకు ఒకటి అట్టపెట్టెలో గుచ్చుకుని ఇంకా అలాగే ఉంది, నా చేత్తో పట్టుకుని చూశాను. మరి ఈ కుర్రాళ్ళు మూత బిగిస్తామన్న వాటర్ టిన్ సంగతేమిటి?

పోనీ, మిగిలేది వాసనే అనుకుందాం. అది అసలు తేనె అయితేనే కదా. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 13 బ్రాండ్ల తేనె మీద చేయించిన ఎన్ఎంఆర్ అనే కల్తీ పట్టే ల్యాబ్ పరీక్షలో 10 బ్రాండ్లు ఫెయిలయ్యాయి. చక్కెర పాకం కలిసినదాన్ని బీరులో పోస్తే మిగలడానికి పువ్వు వాసన ఎక్కడుంటుంది? అలాగని మన తేనె అంతా బంగారమనీ అనను. మన కోనసీమ గాలిలోనే తేమ ఎక్కువ. ఈగలు మైనంతో మూత వెయ్యకముందే ఆశపడి తీస్తే తేనెలో నీటి శాతం 20 దాటుతుంది, అంతకు మించితే ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం అమ్మడానికీ పనికిరాదు. అలాంటి తేనె సీసాలో తనంతట తానే పులిసి నురగ కడుతుంది. మొదటి ఏడాది వానాకాలంలో నాకు పద్దెనిమిది సీసాలు అలాగే పాడయ్యాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, తాగడానికా అమ్మడానికా అన్నది తర్వాతి మాట. ఆ ఇద్దరికీ ఇంకా పాతికేళ్ళు కూడా ఉండవు, కేసు పడితే పాస్‌పోర్టుకీ, ఉద్యోగానికీ ఎన్ని చిక్కులో మీకు నేను చెప్పాలా?

దయచేసి అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వెయ్యండి. తియ్యగా ఉండదని, ఆరోగ్యం కాదని, ఇక్కడ చేస్తే నేరమని మూడు ముక్కలు చాలు. వాళ్ళు మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళారు, ఆ కటింగ్ వాళ్ళ చేతిలో పెడతాను.

— ఒక తేనె రైతు, కోనసీమ