కంకులమ్మే అక్కకు, మిగతా అందరికీ కృతజ్ఞతలు

యాక్సిడెంటయి ఆస్పత్రిలో ఉన్న నన్ను నిన్న సాయంత్రం ఇంటికి పంపించారు. విరిగిన తొడ ఎముకలో రాడ్ వేశారు. కూర్చోవడం ఇంకా కష్టంగానే ఉంది, పడుకునే టైప్ చేస్తున్నా. మందుల మత్తు పూర్తిగా దిగలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. మీ అందరి మెసేజ్‌లూ చూశాను. ఒక్కొక్కరికీ జవాబిచ్చే ఓపిక లేదు గానీ, ఒక మనిషి గురించి రాయకుండా మాత్రం ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

హనుమకొండ నుంచి పరకాల వెళ్లే రోడ్డు మీద, వాన అప్పుడే వెలిసింది. వెనక నుంచి వచ్చిన కారు నా స్కూటీని గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. జనం మూగారు, కొందరు ఫోన్లు తీశారు. కుర్రాళ్లు కొందరు నన్నెత్తి ఆటోలో వేద్దామన్నారు. వాళ్లది మంచి మనసే. కానీ తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనపడకుండానే లోపల లీటరు దాకా రక్తం పోవచ్చు, ఎలా పడితే అలా ఎత్తితే ఇంకా ప్రమాదం. పరుగుల కోచ్‌గా గ్రౌండ్‌లో పిల్లలకు ఎన్నేళ్లుగానో నేర్పుతున్న మాట ఇది. ఎత్తొద్దని అరుస్తున్నా ఎవరికీ వినపడలేదు.

రోడ్డు పక్కన బొగ్గుల మీద మక్కకంకులు కాల్చి అమ్మే ఒకామెకు వినపడింది. నాకంటే పెద్దది. అందరినీ నెట్టుకుంటూ వచ్చి ఆ బురదలోనే కూర్చుంది. "ఏం జెయ్యాల్నో నువ్వే జెప్పు చెల్లే, నేను జేస్త" అంది. కాలు కదలకుండా పట్టుకోమన్నాను. 108 వచ్చేదాకా రెండు చేతులతో అలాగే పట్టుకుంది. వేళ్లకు బొగ్గు మసి, నిమ్మకాయ, ఉప్పుకారం వాసన. పొయ్యి మీద కంకులు మాడిపోతున్నాయని ఎవరో చెప్తే తల కూడా తిప్పలేదు.

నాతోపాటే అంబులెన్సూ ఎక్కింది. మొదట తీసుకెళ్లిన ఆస్పత్రిలో కౌంటర్ దగ్గర "మీరేమవుతారు? అడ్వాన్స్ ఎవరు కడతారు?" అని ఆమెనే నిలదీశారు. కొంగు ముడి విప్పి ఆ రోజు గిరాకీ డబ్బులు మొత్తం బల్ల మీద పెట్టిందట. స్ట్రెచర్ మీదున్న నాకు మాటలు వినపడుతున్నాయి, నోరు పెగలడం లేదు.

దీని గురించి చెప్పకుండా ఉండలేను. గాయపడ్డవాళ్లను తెచ్చినవాళ్లను డబ్బు కట్టమని నిర్బంధించకూడదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లోనే ఆమోదం తెలిపింది. ఇలా సాయపడేవాళ్ల రక్షణ కోసం 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షనే చేర్చారు. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం అని 2025లో కేంద్రం పథకం తెచ్చింది. ఇవన్నీ ఆ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు ఎవరు చెప్పాలి? కంకులమ్ముకునే మనిషా? ఇలా చేస్తే రేపు రోడ్డు మీద పడ్డవాళ్ల దగ్గరికి ఎవరు వస్తారు?

అక్క చేసిన అసలు మేలు నాకు ఆపరేషన్ తర్వాత గానీ తెలియలేదు. ఆ రోజు నా బ్యాగులో అండర్-14 జిల్లా సెలక్షన్స్‌కు వెళ్లాల్సిన పిల్లల కాగితాలున్నాయి. బర్త్ సర్టిఫికెట్లు, స్కూల్ బోనఫైడ్‌లు, అన్నీ ఒరిజినల్సే. బ్యాగు చిరిగి అవి రోడ్డంతా పడ్డాయి. తండాల పిల్లలు, ఒక్కో కాగితం కోసం వాళ్ల నాన్నలు కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. అక్క ఆ రాత్రి వెనక్కి వెళ్లి టార్చ్ వేసి వాటిని ఏరింది. పొయ్యి సెగకు ఒక్కోటీ ఆరబెట్టింది. చదువు రాదు కాబట్టి ఫొటోలు చూసి ఏ పిల్ల కాగితాలు ఆ పిల్లకు విడిగా పెట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి వార్డుకు తెచ్చి ఇచ్చింది. "నువ్వు పరుగుల టీచర్‌వట గద. మరి పోరగాండ్లకు ఇప్పుడు ఎవరు నేర్పుతున్నరు?" అనడిగింది. కాలు విరిగినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ ప్రశ్న నన్నెందుకంత కదిలించిందో నాతో పరిగెత్తినవాళ్లకు తెలుస్తుంది. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి.ఉషకు సెకనులో వందో వంతు తేడాతో పతకం పోయిందని పేపర్లో చదివి, బడి వెనక వెదురు కర్రలు కట్టి దూకడం మొదలుపెట్టినదాన్ని. సున్నం గీతల మట్టి ట్రాక్ మీద 400 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తాను. పది హర్డిల్స్, మధ్య 35 మీటర్లు, ఎనిమిదో దానికొచ్చేసరికి కాళ్లు బండలైపోతాయి. యూనివర్సిటీ మీట్‌లకు రైల్లో బాత్రూమ్ పక్కన కూర్చుని వెళ్లాం. అదే హనుమకొండ స్టేడియంలో 2021లో సింథటిక్ ట్రాక్ మీద నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరుగుతుంటే మా పిల్లలను గ్యాలరీలో కూర్చోబెట్టి చూపించాను. మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచాక తండాల తల్లులే పిల్లలను తీసుకొచ్చి దింపుతున్నారు. ఇలా ఊళ్లు తిరిగి నేర్పే కోచ్‌లకు జీతమే సరిగా రాదు, ఇన్సూరెన్స్ మాట దేవుడెరుగు.

మావారు, అమ్మాయి, చెల్లెలు రాత్రింబవళ్లు నాతోనే ఉన్నారు.

మావారు డబ్బు ఇవ్వబోతే అక్క కట్టినంత వరకే లెక్కపెట్టుకుని మిగతాది తిరిగిచ్చేసింది. పేరు రాయొద్దంది, అందుకే రాయలేదు. ఆ రోడ్డున వెళ్తే ఒక కంకి కొనుక్కోండి.

రక్తం ఇచ్చిన నా పాత పిల్లలు, ఇప్పుడు కానిస్టేబుళ్లు, డ్యూటీ దిగి నేరుగా యూనిఫాంలోనే వచ్చారు. వాళ్లకు, 108లో నా కాలికి స్ప్లింట్ వేసిన అబ్బాయికి కూడా కృతజ్ఞతలు. పొద్దున స్టేడియంలో వాకింగ్‌కొచ్చే పెద్దలు చందా వేసి పంపారు, వాళ్లందరికీ దండాలు. అయ్యో, వార్డు ఆయమ్మను మర్చిపోయా, జడ వేసి, తల తుడిచేది. స్కూటీని షెడ్డుకు చేర్చిన మెకానిక్ తమ్ముడు కూడా. ఇంకెవరినైనా వదిలేస్తే కామెంట్‌లో గుర్తు చేయండి, కలుపుతాను. పిల్లలూ, ప్రాక్టీస్ ఆగలేదు, మన సీనియర్ అక్క చూసుకుంటుంది, పొద్దున్నే ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉండండి. కాగితాలు ఆమె దగ్గరే ఉన్నాయి.