నాటకం విన్నవారి మాటకు విలువ

సంపాదకులకు,

అయ్యా,

కొత్త నాటకాన్ని ప్రదర్శనకు ముందు నలుగురికి చదివి వినిపించడం మంచి పద్ధతే గానీ, వారి అభిప్రాయాలను స్వీకరించే తీరుపై నాటక రచయితలు తగినంత దృష్టి పెట్టడం లేదనిపించి ఈ లేఖ రాస్తున్నాను. చదవడం ముగిసీ ముగియకముందే రచయిత "అక్కడ నా ఉద్దేశం అది కాదండీ" అంటూ వివరణ మొదలుపెడితే, ఇక చర్చ అంతా ఆ వివరణ చుట్టూనే తిరుగుతుంది. నవల చదివేవారు అర్థం కాని చోట పేజీ వెనక్కి తిప్పుకోగలరు. నాటకం చూసేవారికి ఆ వీలు లేదు, పక్కన కూర్చుని విప్పి చెప్పడానికి రచయితా ఉండరు.

ఒక సన్నివేశం అనుకుందాం. ఇల్లు అమ్మేస్తున్నానని అన్న చెప్పగానే చెల్లెలు మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోతుంది. విన్నవారిలో ఒకరు ఆమె ఒప్పుకుందనుకుంటారు, ఇంకొకరు అలిగిందనుకుంటారు, మరొకరు అక్కడ గట్టి డైలాగు ఒకటి పడాలంటారు. ఆ డైలాగు రాస్తే మౌనంలోని బలం పోతుంది. అలాగని వారి తికమకను కొట్టిపారేయనూ కూడదు, ఎందుకంటే ఆ ఇల్లు ఆమెకు ఏమిటో మొదటి రంగంలోనే ప్రేక్షకుడికి తెలియకపోయి ఉండవచ్చు. చికాకు కలిగిన చోటును విన్నవారు సరిగ్గానే చూపిస్తారు, దాని మూలం ఎక్కడుందో వెతకవలసింది మాత్రం రచయితే. నటుడు ఒకే వాక్యం దగ్గర రెండుసార్లు తడబడితే, అది కూడా అభిప్రాయమే.

సవరించుకోవడం చిన్నతనమని భావించేవారికి గురజాడను గుర్తు చేయాలి. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'ను ఆయన ఎంతో పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు.

అభిప్రాయం చెప్పేవారికీ ఒక క్రమం అవసరం. అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ రూపొందించిన పద్ధతిలో, ముందుగా విన్నవారు తమ మనసుకు తాకినదేమిటో చెబుతారు, ఆ తరువాత రచయిత తన సందేహాలు అడుగుతారు, ఆపైన విన్నవారు తమ అభిప్రాయాన్ని చొప్పించకుండా ప్రశ్నలు వేస్తారు; సలహాలు చివరికి, అదీ రచయిత సరేనంటేనే వస్తాయి. మన నాటకాన్ని పక్కనపెట్టి తమ మనసులో ఉన్న వేరే నాటకాన్ని రాయించాలని చూసే సలహాలు ఈ క్రమంలో చాలావరకు వాటంతట అవే వడకట్టుకుపోతాయి.

పఠన సభలు జరిపేవారికి నాదొక విన్నపం. పేరున్న వ్యక్తి మొదట మాట్లాడితే మిగిలినవారంతా అదే బాట పడతారు, కొత్తగా వచ్చినవారైతే నోరే విప్పరు. కాబట్టి చర్చకు ముందే, ఎక్కడ మనసు లగ్నమైందో, ఎక్కడ దారి తప్పిందో ప్రతి ఒక్కరి చేత కాగితంపై రాయించి, ఆ కాగితాలను రచయిత చేతికివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నాటక రచయిత్రి