డ్రైవరు చేతికొచ్చే 23 వేలు, ఆఫీసులో నా 14,500

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న పార్వతీపురంలో బంధువుల పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర ఒక పెద్దాయన, "డిగ్రీ చదివి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పద్నాలుగు వేలకు కూర్చున్నావు, మీ డ్రైవర్లేమో పాతిక వేలు పట్టుకెళ్తున్నారంట కదమ్మా" అన్నారు. ఈ మాట కొత్తది కాదు, మా ఆఫీసులో నాతో పనిచేసేవాళ్లే టీ తాగుతూ ఇదే అంటుంటారు. నేను రాయగడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో తొమ్మిదేళ్లుగా బుకింగు, బిల్లులు, జీతాల పుస్తకం చూస్తున్నాను. ఆ రెండు జీతాలూ రాసేది నేనే కాబట్టి ఈ లెక్క మీ పాఠకులకు చెప్పాలనిపించింది.

పీఎఫ్ పోను నా చేతికి నెలకు 14,500 వస్తుంది. మా దగ్గర పన్నెండు చక్రాల బండి నడిపే ఒక సీనియర్ డ్రైవరు ఉన్నారు, ఊరు సాలూరు దగ్గర, నేను అన్నయ్యా అని పిలుస్తాను, పోయిన నెల ఆయన 23,000 తీసుకున్నారు. పైకి చూస్తే పెళ్లిలో పెద్దాయన అన్నదే నిజం. కానీ అందులో జీతం 10,000 మాత్రమే, మిగతా 13,000 బత్తా, రోజుకు 500 చొప్పున 26 రోజులకి. బత్తా దారి ఖర్చుకి ఇచ్చే డబ్బు. పొద్దున్న టిఫిను, రెండు పూటలా హోటల్లో భోజనం, రాత్రి నిద్ర రాకుండా తాగే టీలు, స్నానానికి ఇచ్చేది, అన్నీ కలిపి ఎంత పొదుపుగా ఉన్నా రోజుకు 350 అవుతుందని ఆయనే ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు. నెలకు 9,100. అది తీసేస్తే ఇంటికి చేరేది 13,900, అంటే నాకంటే 600 తక్కువ. నేను మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ తింటాను, నా తిండికి విడిగా ఖర్చు లేదు.

ఇక గంటలు చూడండి. నేను పదింటికి వచ్చి ఏడింటికి వెళ్తాను, మధ్యలో గంట భోజనం, ఆదివారం సెలవు. నెలకు 208 గంటలు. ఆయనకి లోడింగు, కాటా, లోడు మీద పట్టా (టార్పాలిన్) కట్టడం, డ్రైవింగు, గేటు దగ్గర ఎదురుచూపు కలిపి రోజుకు 14 గంటలని తక్కువలో తక్కువ వేసినా 364 అవుతాయి. గంటకు నాకు దాదాపు 70 రూపాయలు పడితే ఆయనకు 38. వానాకాలంలో లోడుతో సుంకి ఘాట్ ఎక్కి దిగే మనిషికి ఇది. డీజిలు ఎవరు తీసేస్తారో, పట్టా ఎవరు కోసేస్తారో అని రాత్రంతా క్యాబిన్‌లో మెలకువగా పడుకునే గంటలు నేను ఇందులో కలపనే లేదు. సరుకులో షార్టేజీ వస్తే అదీ ఆయన జీతంలోనే కోస్తాం. కాటాలు రెండు చోట్లా ఒకేలా చూపించవని ఆఫీసులో అందరికీ తెలుసు, అయినా కోస్తాం.

నన్ను బాగా బాధపెట్టేది హాల్టింగ్ డబ్బు. బండి ఫ్యాక్టరీ గేటు దగ్గరో విశాఖ రేవు దగ్గరో అన్‌లోడు కాకుండా ఒక రోజు దాటి నిలబడితే పార్టీ దగ్గర, అంటే సరుకు మాకు అప్పజెప్పినవాళ్ల దగ్గర, రోజుకింత అని హాల్టింగ్ వసూలు చేస్తాం. మా రేటు 1,500. బిల్లులో ఆ లైను టైపు చేసేది నేనే. పోయిన వానాకాలంలో ఆ అన్నయ్య బండి మూడు రోజులు లైన్లో ఉండిపోయింది. ఫోన్ చేస్తే, "ఏటి చెయ్యను చెల్లెమ్మా, నా ముందర ఇంకా నలభై బళ్లున్నాయి, నీళ్లు కూడా కొనుక్కోవాలి ఇక్కడ" అన్నారు. పార్టీ హాల్టింగ్ కట్టింది. ఆ మూడు రోజులు బండి కదలలేదని చెప్పి ఆయన బత్తా సగానికి కోసేశారు. అక్కడ ఎండలో వానలో నిలబడింది ఆయన, ఆయన నిలబడినందుకు వచ్చిన డబ్బులో ఒక్క రూపాయి కూడా ఆయనకు చేరలేదు. ఆ రోజు ఓనరు గారితో చెప్పాను. బండి ఈఎంఐ ఎవరు కడతారు అన్నారు. నిజమే, ఈఎంఐ, టైర్లు, ఇన్సూరెన్సు ఆయనకూ భారమే, రెండు నెలలు లోడు లేకపోతే ఆయన నిద్ర పోరని నాకు తెలుసు. కానీ ఈఎంఐకి డ్రైవరు బత్తాతో సంబంధమేమిటి?

మాకు టెన్షన్ లేదని అనను. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈ-వే బిల్లు, దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. దారిలో బండి ఆగిపోతే గడువు ముగిసే సమయానికి అటు ఎనిమిది గంటలు, ఇటు ఎనిమిది గంటల లోపల పొడిగించుకోవాలి, లేకపోతే పట్టుబడితే జరిమానా. రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో పొడిగించిన రోజులున్నాయి, దానికి నాకూ ఓవర్‌టైం లేదు. అయితే నేను పని చేసి మళ్లీ పడుకుంటాను. "తెల్లారేసరికి చేరిపో అన్నయ్యా, గడువు అయిపోతోంది" అని నేను చెప్పిన మాటకు ఆయన నిద్ర మానుకుని బండి నడుపుతారు.

చట్టం మా ఇద్దరినీ వేరు చేయలేదు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టంలో డ్రైవరు, క్లీనరుతో పాటు బుకింగ్ క్లర్కు, క్యాష్ క్లర్కు, వాచ్‌మన్ కూడా ఒకే వరసలో ఉండేవారు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48, దూర ప్రయాణాలకైతే మహా అయితే రోజుకు పది, ఎక్కువ చేయిస్తే రెట్టింపు కూలి అని అందులో ఉండేది. అరవై ఏళ్లకు పైగా ఉన్న చట్టం, 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది. ఈ తొమ్మిదేళ్లలో డ్రైవరుకు రెట్టింపు కూలి అని నేను ఒక్కసారి కూడా పుస్తకంలో రాయలేదు. ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కి ఇరవైమంది ఉండాలి కాబట్టి ఈ లైన్లో కొందరు బళ్లను భార్య పేర కొన్ని, బావమరిది పేర కొన్ని పెట్టి లెక్క తగ్గించుకుంటారు. ఆఫీసులో ఉన్న మేం కనిపిస్తాం కాబట్టి మాకు పీఎఫ్ కడతారు, రోడ్డు మీద ఉన్నవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. ఒకవేళ కట్టినా ఇన్నాళ్లూ బత్తాను జీతంలో కలిపేవారు కాదు, పీఎఫ్ ఆ పదివేల మీదే.

మన సరిహద్దు డ్రైవర్లకు ఇంకో కష్టం ఉంది. లైసెన్సు ఆంధ్రాది, బండి ఓడీ 18 (రాయగడ) నంబరుది, ఓనరు ఒడిశాలో, ఇల్లు సాలూరులోనో కొమరాడలోనో. కాగితాలన్నీ ఒడియాలో. నేను ఒడియా మీడియంలో చదివాను కాబట్టి చదివి చెప్తాను, చాలామంది ఏం రాసుందో తెలియకుండానే సంతకం పెట్టేస్తారు. 2023 మార్చిలో ఒడిశాలో డ్రైవర్లు బళ్లు ఆపేసి పెన్షను, మరుగుదొడ్లు, బండి ఆపుకునే చోటు అడిగినప్పుడు మా ఆఫీసులో కూడా విసుక్కున్నారు. లోడ్లు ఆగిపోయాయని విసుక్కున్నారు గానీ వాళ్లు అడిగింది ఏమిటో ఎవరూ చదవలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. పార్టీ దగ్గర వసూలు చేసిన హాల్టింగ్‌లో సగమైనా డ్రైవరుకి ఇవ్వాలి, బండి నిలబడిన రోజు బత్తా కోయకూడదు, జీతం ఎంత, బత్తా ఎంత అని ఆయన చదవగలిగే భాషలో చీటీ ఇవ్వాలి. రాయగడ, కోరాపుట్, గుణుపురం వైపు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో ఈ పుస్తకాలు రాసేది చాలావరకు మన తెలుగు పిల్లలే. మీ దగ్గర లెక్క ఎలా ఉందో మీరూ ఈ పత్రికకు రాయండి. ఇప్పుడు నేను ఏ బండి ఏ గేటు దగ్గర ఎన్ని గంటలు నిలబడిందో విడిగా ఒక నోటుబుక్కులో తేదీతో సహా రాసి పెడుతున్నాను.

దయచేసి నా పేరు, ఆఫీసు పేరు వేయకండి. నా ఉద్యోగం మీద ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.

ఒక బుకింగ్ క్లర్కు,
రాయగడ, ఒడిశా