పాపకి మీరేమవుతారు?

కంచరపాలెం,
విశాఖపట్నం.

ఒరేయ్,

మొన్న ఫోన్‌లో సగమే చెప్పి పెట్టేశాను. మిగతాది ఉత్తరంలో రాస్తానన్నాను కదా, ఇవాళ ఆదివారం కుదిరింది. మీ చెల్లెమ్మ గుమ్మంలో కూర్చుని పాపకి తల దువ్వుతోంది. పాప చిక్కు పడ్డచోటల్లా కేక పెడుతోంది. ఆ కేకల మధ్యే రాస్తున్నాను.

ఆర్డర్ చేతికొచ్చిందిరా! పాపని మా దగ్గర ఉంచుతూ బాలల సంక్షేమ సమితి, అంటే దిక్కులేని పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే కమిటీ, ఇచ్చిన ఆర్డర్. చట్టం భాషలో మమ్మల్ని 'ఫిట్ పర్సన్' అంటారట, అంటే బిడ్డ బాధ్యత తీసుకోవడానికి తగినవాళ్లని విచారించి తేల్చారన్నమాట.

కింద వాటాలో ఉండే అమ్మాయి, అదే పాప వాళ్లమ్మ, పోయిన సంగతి నీకు తెలుసు. మా ఆవిడని అక్కా అక్కా అనేది, ఆ వరసన పాపకి మేం పెద్దమ్మ, పెద్దనాన్నలం. తండ్రి ఏనాడో వదిలేసి వెళ్లాడు, జాడ లేదు. చోడవరంలో అమ్మమ్మ ఉంది గానీ ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. ఆవిడే మా ఆవిడ చేతులు పట్టుకుని "మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అంది. ఉంచుకున్నాం. ఇంకేం కావాలి, అనుకున్నాం. అచ్చం మీ అన్న కొడుకు విషయంలో నువ్వు అనుకున్నట్టే.

ఆగస్టులో జ్వరం ముదిరి పాపని రాత్రికి రాత్రి ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. కౌంటర్‌లో అమ్మాయి ఫారం ముందుకు జరిపి "పాపకి మీరేమవుతారు?" అంది. పెద్దనాన్నని అన్నాను. ఆధార్ చూసి, "ఇంటిపేరు వేరే ఉందే, తండ్రికి అన్నగారు కాదా?" అంది. నోట మాట రాలేదురా. ఏమవుతాను నేను? వైద్యం ఆపలేదు, అది చెప్పాలి. కానీ సంతకం పెట్టడానికి అమ్మమ్మ తెల్లారి మొదటి బస్సులో రావాల్సి వచ్చింది. ఆ ముసలావిడ తడుముకుంటూ మెట్లెక్కి వేలిముద్ర వేస్తుంటే, ఇక ఆగకూడదనిపించింది.

పిల్లల సాయానికి 1098 ఉంది కదా, దానికి ఫోన్ చేస్తే జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి వెళ్లమన్నారు. ఆధార్లు, ఆదాయం, ఆరోగ్య సర్టిఫికెట్లు, పోలీస్ వెరిఫికేషన్... ఆ తిరుగుళ్ల గురించి రాయను, నువ్వు బెంబేలెత్తిపోతావు. ఇల్లు చూడటానికి వచ్చినావిడ గురించి మాత్రం చెప్పాలి. మేం ఇల్లంతా కడిగి, కొత్త దుప్పట్లు పరిచి టెన్షన్‌తో నిలబడ్డాం. ఆవిడ దుప్పట్ల వంక చూడనే లేదు. తిన్నగా బాత్రూం దగ్గరికెళ్లి, లోపలి గడియ పాప చేతికి అందుతుందో లేదో పాప చేతే వేయించి చూసింది. అందలేదు. మర్నాడే కిందగా ఇంకో గడియ బిగించాను. ఎనిమిదేళ్ల ఆడపిల్ల ఇంట్లో ఉన్నప్పుడు ఆ మాత్రం నాకెందుకు తట్టలేదని చాలా బాధేసింది. తర్వాత ఆవిడ పాపని డాబా మీదకి తీసుకెళ్లి, మేమెవరం లేకుండా అరగంట మాట్లాడింది.

సమితిలో ఛైర్‌పర్సన్ కాక నలుగురు సభ్యులుంటారు. తుది నిర్ణయానికి కనీసం ముగ్గురు కూర్చోవాలి. పాపనే అడిగారు, ఎక్కడుంటావమ్మా అని. "పెద్దమ్మ దగ్గర. కానీ సంక్రాంతికి అమ్మమ్మ ఇంటికి పంపాలి" అంది, ముందే అనుకుని వచ్చినదానిలా. అదీ రాసుకున్నారు. ఇది దత్తత కాదురా. ఇంటిపేరు మారదు, అమ్మమ్మ అమ్మమ్మగానే ఉంటుంది. సమితి తరఫువాళ్లు అప్పుడప్పుడూ వచ్చి పాప ఎలా ఉందో చూసి వెళ్తారు. రానీ, నాకు అదే నచ్చింది.

ఇప్పుడు నీ సంగతి. "సొంత అన్న కొడుక్కి కాగితమేంట్రా" అన్నావు. వాడు నీ ప్రాణమని నాకు తెలుసు. కానీ 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం మైనరుకి సహజ సంరక్షకులు అమ్మా నాన్నే, బాబాయి కాదు. అన్నా వదినా లేరు కాబట్టి రేపు బ్యాంకులోనో, పొలం కాగితాల దగ్గరో నిన్నూ అదే ప్రశ్న అడుగుతారు. అయినవాళ్ల దగ్గర పెరిగే తల్లీతండ్రీ లేని పిల్లలకి మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకి 4,000 రూపాయల సాయం కూడా ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, పట్టణాల్లో అయితే 96,000. మాకు వర్తించదు గానీ, నీకు వర్తిస్తుందేమో కనుక్కోవాలి. బిడ్డ పేరు మీద వచ్చేది తీసుకోవడానికి మొహమాటమెందుకురా? వాడి ఫీజుకి నువ్వు రెండుసార్లు అప్పు చేశావని నాకు తెలుసు.

అన్నావదినల మరణ ధ్రువపత్రాలు, వాడి ఆధార్, బడిలో ఇచ్చే స్టడీ సర్టిఫికెట్, నీ ఆదాయ ధ్రువపత్రం, అన్నీ తీసి ఒక కవర్‌లో పెట్టు. పండక్కి పాపని చోడవరంలో దింపుతాను. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రోజుకి ఆగి, మర్నాడు టెక్కలి బస్సెక్కుతాను. ఇద్దరం కలిసి శ్రీకాకుళంలో బాలల సంరక్షణ యూనిట్‌కి వెళ్లొద్దాం. వాణ్ణీ తీసుకెళ్దాం, వాడినీ అడుగుతారు కదా.

పిన్నికి నా నమస్కారాలు చెప్పు. జడ పూర్తయినట్టుంది, పాప వచ్చి ఎవరికి రాస్తున్నావని తొంగి చూస్తోంది.

ఇట్లు,
నీ వాడు