ఇంటి బయటి కరెంటు పరికరాలు: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

వానల్లో పిల్లలు ఇంటి బయట తడి నేల మీద, చాలాసార్లు చెప్పుల్లేకుండా తిరుగుతుంటారు. నీళ్ల మోటారు, గేటు దీపం, గోడ మీది సాకెట్ వాళ్ల చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. అందుకే ఈసారి లేఖ మొత్తం వాటి గురించే.

ముందు ఒక అపోహ తొలగాలి. "మా ఇంట్లో ఎంసీబీలు (బోర్డులో వాటంతటవే పడిపోయి కరెంటు ఆపే స్విచ్‌లు) ఉన్నాయి, షాక్ కొడితే వెంటనే పడిపోతాయి" అని చాలామంది ధీమాగా ఉంటారు. పడిపోవు. ఎంసీబీ ఉన్నది వైరు వేడెక్కి కాలిపోకుండా చూడటానికి. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ 16 దాటితేనే కదులుతుంది. తడి ఒంటి నిరోధం సుమారు 1,000 ఓములనుకుంటే, 230 వోల్టులు తగిలినప్పుడు ఒంట్లోంచి పారేది 0.23 ఆంపియరు. అరవై వాట్ల బల్బు తీసుకునేదానికన్నా తక్కువ! ఎంసీబీ దాన్ని పట్టించుకోదు. మనిషికి మాత్రం అందులో పదో వంతు చాలు, కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేకపోతాడు.

మనిషి ప్రాణం కాపాడేది బోర్డులోనే ఉండే మరో రకం స్విచ్, ఆర్‌సీసీబీ. ఫేజులో (కరెంటు తెచ్చే వైరులో) వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో (తిరుగు వైరులో) తిరిగొస్తోందా లేదా అని అది చూస్తుంటుంది. లెక్క తగ్గితే ఎక్కడో నేలలోకి పోతున్నట్టే, వెంటనే కట్ చేస్తుంది. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉండాలి. 100, 300 అని ఉంటే మనిషి రక్షణకు సరిపోదు. నెలకోసారి, కరెంటు ఉన్నప్పుడు, దాని మీది 'టీ' బటన్ నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే మార్పించండి. అయితే ఈ బటన్ ఆర్‌సీసీబీ పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది, ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే పచ్చ వైరు) బాగుందని చెప్పదు. ఒకే మనిషి ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి పట్టుకున్నా దానికి తేడా కనిపించకపోవచ్చు.

వాన పడ్డప్పుడల్లా పడిపోతోందని ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపించుకునే ఇళ్లున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. బయట ఎక్కడో తడి చేరిందని అది చెబుతోంది. బయటి ప్లగ్గులన్నీ ఊడదీసి, ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ రండి. దేనికి పడిందో లోపం ఆ లైన్లోనే. ఊడదీసిన ప్లగ్గులను ఆ తర్వాత ఒక్కొక్కటే పెట్టి చూడండి. అన్నీ దించి ఉన్నా పడుతుంటే న్యూట్రల్ ఎక్కడో నేలకు తగులుతుండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

ఇక నీళ్ల మోటారు. లోపలి చుట్టలోకి తేమ చేరి ఇన్సులేషన్ దెబ్బతింటే ఫేజు ఇనుప బాడీకి తగులుతుంది. ఎర్త్ సరిగా ఉంటే ఆ కరెంటు పచ్చ వైరు గుండా పోయి ఆర్‌సీసీబీ పడుతుంది. పచ్చ వైరు తెగి ఉంటే ఏమీ జరగదు. మోటారు మామూలుగానే నీళ్లు తోడుతుంది, బాడీలో మాత్రం 230 వోల్టులు కాచుకుని ఉంటాయి. అందుకే "బాగానే తిరుగుతోంది కదా" అన్నమాట నమ్మొద్దు. కుళాయి ముట్టుకుంటే, మోటారు మీద చెయ్యి వేస్తే కాస్త జివ్వుమందా? అదే ఆఖరి హెచ్చరిక అనుకుని మెయిన్ దించేయండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉండేది అన్నిటికన్నా ముందు అదే తగలాలని. దాన్ని తీసేసి రెండు పిన్నులతో మోటారు నడపడం చాలా ప్రమాదం.

గోడ మీది సాకెట్ పెట్టెను దగ్గరగా చూడండి. వైరు పైనుంచి లోపలికి దిగుతుంటే వాన నీరు దాని వెంటే జారి నేరుగా టెర్మినళ్ల (లోపల వైర్లు బిగించే చోట్ల) మీద పడుతుంది. వైరు కింది వైపు నుంచే రావాలి, అదీ పెట్టె కన్నా కాస్త కిందికి వంగి మళ్లీ పైకెక్కాలి. అప్పుడు నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. వైరు దూరే చోట గ్లాండు (వైరు చుట్టూ సందు లేకుండా మూసే బిగింపు) బిగించి ఉండాలి, ఉత్త రంధ్రం పనికిరాదు. పెట్టె మీద ఐపీ55 అని ఉంటే మేలు; దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. ఐపీ44 చినుకులకు తట్టుకుంటుంది, పైపుతో కొట్టే నీటికి తట్టుకోదు. ప్లగ్గు పెట్టాక మూత మూసుకోకపోతే మాత్రం ఆ అంకె ఎంతున్నా లాభం లేదు.

ఎండకు పీవీసీ తొడుగు పగుళ్లు తేలుతుంది, టేపు జిగురు కరిగి వదులవుతుంది. ఆరుబయట టేపు చుట్టిన జాయింటు ఉంటే వైరు మొత్తం మార్పించండి. ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సును తడి నేల మీద పెట్టొద్దు. చుట్టగా ఉన్న వైరును పూర్తిగా విప్పే వాడండి, లేకుంటే లోపల వేడి చేరి తొడుగు మెత్తబడుతుంది.

దండెం సంగతి. ఇనుప తీగకు బదులు నైలాన్ తాడు కట్టండి. తీగ ఒక కొస దీపం స్తంభానికో, రేకుల షెడ్డుకో కట్టి ఉండి, అక్కడ వైరు తొడుగు ఒరిసిపోతే, తడి బట్టలు ఆరేసే చేతికి కరెంటు అందుతుంది.

ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోవద్దు, మెయిన్ స్విచ్ దించాలి. అది వీలుకాకపోతే పొడి నేల మీద నిలబడి పొడి కర్రతో వైరును తప్పించాలి. ఇది ఇంటి కరెంటుకే. వీధి తీగ తెగి పడితే కనీసం పది మీటర్ల దూరం జరిగి విద్యుత్ కార్యాలయానికి ఫోన్ చేయాలి. పడిపోయిన మనిషి ఊపిరి తీయకపోతే అంబులెన్సుకు చెప్పి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగాలి. లేచి కూర్చున్నా డాక్టరు దగ్గర ఈసీజీ తీయించండి, గుండె లయ తర్వాత కూడా తప్పవచ్చు.

ఈ ఆదివారం పిల్లల్ని బోర్డు దగ్గరికి తీసుకెళ్లి మెయిన్ స్విచ్ ఏదో చూపించండి. చిన్నపిల్లలకు దాన్ని ముట్టుకోకుండా పెద్దల్ని కేకేయమని నేర్పండి, పెద్దపిల్లల చేత మీ ముందే ఒకసారి దింపించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు