కేదార్‌కంఠ ట్రెక్ ధర ఎందుకు పెంచామంటే

నమస్తే అండీ. ఈ డిసెంబర్ నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ట్రెక్‌కి మనిషికి 900 రూపాయలు పెంచాం. "ఏం మారిందని పెంచారు?" అని చాలామంది వాట్సాప్‌లో అడిగారు. అడగాల్సిన మాటే. ఆ డబ్బంతా వంట టెంట్‌కే పోతుంది. ఎందుకో చెప్తాను.

పోయిన జనవరిలో ఒక బ్యాచ్‌తో నేనే వెళ్లాను. 16 మంది, అందరూ హైదరాబాద్, విజయవాడ వాళ్లే. శిఖరానికి తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాలి. నిద్రపట్టక ఒంటిగంటన్నరకి లేచి వంట టెంట్‌లోకి వెళ్తే, మా వంట భయ్యా అప్పటికే పనిలో ఉన్నాడు. ఆ చలికి సిలిండర్‌లోంచి గ్యాస్ సరిగా రాదు. అందుకని దానికి గోనెసంచి చుట్టి వేడినీళ్ల టబ్‌లో నిలబెట్టాడు. రాత్రి పట్టిన బకెట్ నీళ్లు పైన గడ్డకట్టాయి. అట్లకాడతో కొట్టి, ఆ ముక్కలు చేత్తోనే తీసి గిన్నెలో వేస్తున్నాడు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా ఉంది. పక్కనే నేలమీద ఇద్దరు హెల్పర్లు ఒకే రగ్గు కింద ముడుచుకుని పడుకున్నారు. మీకిచ్చే స్లీపింగ్ బ్యాగులు వాళ్లకి లేవు. నేను కొనలేదు కాబట్టి లేవు. నాలుగేళ్లుగా వాళ్ల చేతి వంట మీకు పెడుతున్నాను, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తప్పు నాదే.

ఆ ట్రిప్‌లో అన్నం పలుకుగా ఉందని ఇద్దరు రాశారు. దానికీ నేనే బాధ్యుణ్ణి. ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీ నుంచి సామాను మోసే కంచరగాడిదల్లో ఒకటి తగ్గిద్దామని రెండో కుక్కర్ తీయించేశాను. 3,400 మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 89 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో గింజ సరిగా ఉడకాలంటే చాలాసేపు పడుతుంది, ఈలోగా గ్యాస్ అయిపోతుంది. భయ్యా ముందే వద్దన్నాడు, నేను వినలేదు.

ఇప్పుడు రెండో కుక్కర్ వచ్చింది. వంటవాళ్లకి విడిగా టెంట్, మీవాటి లాంటి స్లీపింగ్ బ్యాగులు కొన్నాం. ఇంకో హెల్పర్‌ని పెట్టాం, రోజుకూలీ కూడా పెంచాం. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య వాళ్లకి ఒక రోజు సెలవు. దానివల్ల సీజన్‌లో రెండు బ్యాచ్‌లు తగ్గుతాయి, ఫర్వాలేదు.

పై క్యాంపులో మెనూ కూడా తగ్గిస్తున్నాం. రాత్రికి వేడి సూప్, పెసరపప్పు కిచిడీ, అప్పడాలు, పచ్చడి. కందిపప్పు ఉడకడానికి అక్కడ చాలా గ్యాస్ తాగుతుంది. పైన చికెన్ అడగొద్దని మనవి.

పప్పుచారు మాత్రం కింది క్యాంపులో ఉంటుంది. రెండేళ్ల కిందట గుంటూరు నుంచి వచ్చిన ఒక ఆంటీ స్టవ్ దగ్గర నిలబడి భయ్యాకి నేర్పించారు. ఆయన దాన్ని 'ఆంధ్రా దాల్' అంటాడు. ఆవాల బదులు అక్కడి జఖియా గింజలతో పోపు పెడతాడు, పంటికింద పటపటమంటాయి. నేనైతే మా ఇంటి పప్పుచారుకన్నా దాన్నే ఇష్టంగా తింటాను.

ముందే డబ్బు కట్టినవాళ్లకి పాత ధరే. అడ్వాన్స్ మాత్రమే కట్టి, ఇప్పుడు 900 భారం అనుకునేవాళ్లు చెప్తే మొత్తం వాపసు ఇస్తాం, ఏమీ కోత పెట్టం.

మొదటి బ్యాచ్‌తో నేనూ వస్తున్నాను. డెహ్రాడూన్‌లో దొరికే చింతపండు సరిగా పులుపు రావడం లేదని భయ్యా మొన్న ఫోన్‌లో అన్నాడు. రెండు కిలోలు ఇక్కడినుంచే తీసుకెళ్తున్నాను.